నోరు పూసిందనుకున్నా

తెనాలి నుంచి అమ్మ గోంగూర పచ్చడి పంపింది. వేడన్నంలో నెయ్యి వేసుకుని ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, నాలుక అంచులు భగ్గుమన్నాయి. ఫోన్ చేస్తే, "వేడి చేసి నోరు పూసుంటుంది నాన్నా, మజ్జిగ తాగు" అంది. బీ కాంప్లెక్స్ మాత్రలు తెచ్చుకుని నాలుగు రోజులు వేసుకుని మర్చిపోయాను.

అప్పటికి నైట్ షిఫ్టులో నాకది మూడో ఏడు. కూకట్‌పల్లిలో గదికి తిరిగొచ్చేసరికి తెల్లవారుజాము నాలుగున్నర. కిటికీకి దుప్పటి కట్టుకుని పన్నెండింటి దాకా నిద్ర. లేవగానే అద్దంలో నాలుక చూసుకోవడం ఒక పిచ్చిలా పట్టుకుంది. ఒకసారి తెల్లగా పాచి, మరోసారి ఎర్రగా. బద్దతో గీకి గీకి మంట ఇంకా పెంచుకున్నాను. మొదట చూపించుకున్న డాక్టరు నిమిషం చూసి, టెన్షన్ అని ఒక జెల్ రాసిచ్చాడు.

అప్పుడే ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. లేవగానే ఒకటి, తిన్నాక ఒకటి, షిఫ్టు నుంచి వచ్చాక ఒకటి. పద్దెనిమిది రోజులకి 54 ఫోటోలు. నాలుక ఫోటోలతో గ్యాలరీ నిండిపోతే ఎవరికైనా ఫోన్ ఇవ్వాలంటే సిగ్గే!

అన్నీ వరసగా పెట్టి చూస్తే రెండు సంగతులు విడివిడిగా కనిపించాయి. పాచి గడియారం ప్రకారం వచ్చిపోతోంది. నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు కాబట్టి రాలిన కణాలూ బ్యాక్టీరియా నాలుక మీదే పేరుకుంటాయి. లేచి తిని, నాలుగు మాటలు మాట్లాడితే చాలావరకు తుడుచుకుపోతాయి. అందరికీ పొద్దున ఆరింటికి ఉండే నాలుక నాకు మధ్యాహ్నం పన్నెండింటికి ఉంది, అంతే. దానికోసమా ఇన్నాళ్ళు గీకింది!

రెండోది ఏ వేళలోనూ మారలేదు. అంచుల్లోనూ కొసనా గరుకు లేదు. జూమ్ చేస్తే తొక్క తీసిన టమాటాలా నున్నగా, ఎర్రగా ఉంది. చిన్న చిన్న బుడిపెలు ఉండాల్సిన చోట ఏమీ లేవు.

ఈసారి వెళ్ళిన జనరల్ ఫిజీషియన్ ఆ ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది. తర్వాత నాలుక సంగతి వదిలేసి వేరే ప్రశ్నలు వేసింది. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా? మాంసం, గుడ్లు తింటారా? గ్యాస్ మాత్ర ఎన్నాళ్ళుగా?

తిమ్మిర్లు ఉన్నాయి, కుర్చీలో కూర్చునే ఉద్యోగం కదా అనుకున్నాను. గుడ్డు కూడా ముట్టను. రాత్రిపూట పడట్లేదని పాలు, పెరుగు మానేశాను. పాంటోప్రజోల్ మాత్ర మాత్రం రెండేళ్ళుగా రోజూ. డాక్టరు రాసింది పదిహేను రోజులకే. ఆ చీటీనే మెడికల్ షాపులో చూపించి తెచ్చుకుంటూ వచ్చింది నేనే.

రక్తపరీక్షలో విటమిన్ బీ12 132 వచ్చింది. రిపోర్టులో కనీస హద్దు 200 దగ్గరుంది. ఆహారంలోని బీ12 విడిపడాలంటే కడుపులో ఆమ్లం కావాలట. తినేదే తక్కువ, ఆ కాస్తా ఒంటపట్టకుండా నేను రోజూ ఆ ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. కాలేయంలో ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి కొరత వెంటనే బయటపడదని చెప్పింది. మొదట్లో రోజు విడిచి రోజు ఇంజెక్షన్, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. గ్యాస్ మాత్ర ఆవిడ చెప్పినట్టే మెల్లగా తగ్గించి ఆపాను. ఆపిన కొత్తలో గుండెల్లో మంట రెట్టింపైంది, ఆ వారం నరకం.

రెండు వారాల్లో నాలుక మంట తగ్గింది. గరుకు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. మొదట కొసన, తర్వాత అంచుల్లో. షిఫ్టు మారలేదు. పన్నెండింటికి లేస్తే నాలుక ఇప్పటికీ తెల్లగానే ఉంటుంది, ఒక్కసారి గీసి వదిలేస్తున్నాను.

కుడికాలి బొటనవేలు మాత్రం ఇంకా కాస్త మొద్దుగానే ఉంది. నరాలకి టైమ్ పడుతుందన్నారు. అమ్మ ఆదివారాలు వీడియో కాల్‌లో, "వెలుతురుకి తిరిగి నాలుక చాపరా" అంటుంది. చాపుతాను.