పొలం పక్కన ఇల్లు: కలుపు మందు సంగతి ఎలా తేలిందంటే

మా స్థలానికి తూర్పు గట్టు దాటితే మొక్కజొన్న పొలం. ఇల్లు కట్టుకుని వచ్చిన మొదటి ఏడాదే పెరట్లో టమాటా చివుళ్లు మెలితిరిగాయి. కొత్త ఆకులు సన్నగా సాగి, కాడలు కిందికి వంగిపోయాయి. ఆకుముడత వైరస్ సోకినా కొంచెం ఇలాగే కనిపిస్తుంది కాబట్టి తొందరపడి ఎవర్నీ ఏమీ అనలేదు. పక్కనున్న ద్రాక్ష తీగ, గులాబీలు చూశాను. వాటిదీ అదే వరస. గట్టు దగ్గర ఎక్కువ, ఇంటివైపు వచ్చేకొద్దీ తక్కువ. గడ్డికి మాత్రం ఏమీ కాలేదు. ఇన్ని రకాల మొక్కలకు ఒకేసారి ఒకే తెగులు రాదు. 2,4-డి లాంటి కలుపు మందుకైతే ఇది మామూలే: వెడల్పాకు మొక్కల్ని దెబ్బతీస్తుంది, గడ్డిజాతి పంటల్ని వదిలేస్తుంది.

ఫిర్యాదు చేద్దామని ఇంట్లోవాళ్లు అన్నారు. నాకు మనసొప్పలేదు. రాత్రిపూట ఏ ఆపదొచ్చినా ముందు పలికేది ఆ పొలం ఆయనే. "ఒకసారి వచ్చి చూడన్నా" అని పిలిచాను. ఆయన వంగి చివురు తిప్పి చూసి, "గాలి లేదని తెల్లవారుజామునే కొట్టాను తమ్ముడూ, ఇటెలా పడుతుంది?" అన్నాడు. నిజంగానే జాగ్రత్తపడ్డ మనిషి. చిక్కంతా ఆ గాలి లేకపోవడంలోనే ఉంది. ఆ వేళ నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటుంది. సన్నటి తుంపర పైకి పోయి చెదరకుండా, పొరలా తేలుతూ పక్కకు జరుగుతుంది. మర్నాడు పొద్దున్నే ఆయన డీజిల్ ఇంజన్ దగ్గర నిలబడ్డాం. పొగ పైకి లేవకుండా అలాగే పడుకుని గట్టు దాటి మా పెరట్లోకి వచ్చింది. ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు మందు కొట్టే ముందు రోజే ఫోన్ చేస్తాడు. పొద్దెక్కాక, గాలి గంటకు 5 నుంచి 15 కిలోమీటర్ల మధ్య, మావైపు కాకుండా వీస్తుంటేనే మొదలుపెడతాడు. పెద్ద చుక్కలు పడే నాజిల్ బిగించాడు, దాన్ని నేలకు దగ్గరగా పట్టిస్తున్నాడు. గట్టు వెంబడి కొన్ని సాళ్లకు అసలు మందే కొట్టడు. అక్కడ కలుపు నేను తీస్తాను. ఇది నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

ఆయనకూ నా మీద చెప్పుకోవాల్సినవి ఉన్నాయి. మా చెట్ల నీడకు అంచు సాళ్లు ఎదగడం లేదన్నాడు, కొమ్మలు కొట్టించాను. కుక్కను కట్టేస్తున్నాం. కంచె వేసేముందు సర్వేయర్‌ను పిలిపించి, ఇద్దరం ఉండగానే రాళ్లు పాతించాం. కోతల రోజుల్లో రాత్రిళ్లు యంత్రం చప్పుడు, దుమ్ము తప్పవు. ఆ కొద్ది రోజులు కిటికీలు మూసుకుంటాం.

ఇంకా తేలనిది వాననీరు. మా సిమెంటు వాకిలి మీద పడ్డ నీళ్లన్నీ ఆయన మడిలోకే పారి మట్టిని కోస్తున్నాయి. వానలు మొదలయ్యేలోపు మా స్థలంలోనే కాలువ తీసి ఇంకుడు గుంతలోకి మళ్లిస్తానని మాటిచ్చాను. ఈ వారం ముగ్గు పోసి గుర్తులు పెడుతున్నాం.