క్యాసెట్‌లో తెగిపోయిన పాట

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున్నుంచీ ముసురు. రెండు రోజుల బట్టలు ఆరనే లేదు. చివరికి ఫ్యాను కింద ఆరబెట్టి, మధ్యాహ్నం మడతలు పెట్టడానికి కూర్చున్నాను. చేతులకి పని ఉంది, చెవులు ఖాళీ. చాలా ఏళ్ల తర్వాత ‘ఫ్లడ్’ పెట్టుకున్నాను. ఒక్క పాటా దాటెయ్యకుండా, మొదటి నుంచి చివరిదాకా వినాలనిపించింది.

‘దే మైట్ బీ జయంట్స్’ అనే అమెరికన్ బ్యాండ్ 1990 జనవరిలో తెచ్చిన ఆల్బమ్ ఇది. బ్యాండంటే అప్పటికి ఇద్దరే, ఇద్దరి పేరూ జానే. జాన్ ఫ్లాన్స్‌బర్గ్ గిటారు వాయిస్తాడు, జాన్ లినెల్ అకార్డియన్. స్టేజి మీద డ్రమ్స్‌కి మనిషి ఉండేవాడు కాదు, మెషీనే. బడి రోజుల నుంచీ స్నేహితులైన ఈ ఇద్దరూ బ్రూక్లిన్‌లో ఉన్నప్పుడు ఫోన్ ఆన్సరింగ్ మెషీన్‌లో పాట రికార్డు చేసిపెట్టి, ఆ నెంబరు జనానికి చెప్పేవాళ్లు. ఫోన్ చేసినవాళ్లకి పాట వినిపించేది. ఈ సంగతి నాకు పెద్దయ్యాకే తెలిసింది. తెలిసినప్పుడు ఆశ్చర్యం కలగలేదు, వీళ్లు కాకపోతే ఇంకెవరు చేస్తారు అనుకున్నాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అన్నయ్య తన స్నేహితుడి దగ్గర సీడీ తెచ్చి అరవై నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించాడు. ఆల్బమ్‌లో 19 పాటలు, అన్నీ కలిపి 43 నిమిషాలు. రెండు పాటలు నిమిషం కూడా ఉండవు. మొదటిదైతే అర నిమిషమే, అందులో బృందగానం ఒకటి ఎంతో గంభీరంగా ఇది 1990కి కొత్త రికార్డు అని ప్రకటిస్తుంది. ఆ ప్రకటన మొదలవగానే ఇంట్లో ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేదాన్ని.

ఇంగ్లీషు మాటలు అప్పుడు సగం కూడా అర్థమయ్యేవి కావు. అన్నయ్య చెప్పిన కథలే నాకు పాటలు. ‘పార్టికల్ మ్యాన్’లో చుక్కంత మనిషి, త్రిభుజం మనిషి, విశ్వమంత మనిషి, మామూలు మనిషి ఉంటారు. త్రిభుజం వచ్చి చుక్కని కొడుతుంది. ఎందుకు కొడుతుందో పాటలో చెప్పరు, నేను రోజూ అడిగేదాన్ని. విశ్వమంత మనిషి చేతి గడియారంలో నిమిషాల ముల్లుతో పాటు వెయ్యేళ్లకో ముల్లు, యుగానికో ముల్లు ఉంటాయని అన్నయ్య చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయమేసి కాదు. యుగం ముల్లు కదిలినప్పుడు చప్పుడవుతుందా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

‘బర్డ్‌హౌస్ ఇన్ యువర్ సోల్’ మాత్రం చిన్నప్పుడు ఎలా వినిపించిందో ఇవాళా అలాగే వినిపించింది. పాడేది నీలం రంగు పిట్ట ఆకారంలో ఉన్న రాత్రి దీపం. గోడకి గుచ్చి ఉంటుంది. ఎదురుగా ఒక దీపస్తంభం బొమ్మ. అది తన పూర్వీకుడని ఆ చిన్న దీపం చెప్పుకుంటుంది. ఆ పెద్దాయన రాళ్ల తీరాన నిలబడి ఓడలు పగలకుండా కాపాడాడు, ఈ బుల్లి దీపం పడుకున్న మనిషి గదిని కాస్తోంది. ఈ ఊహ ఎంత గొప్పదో ముప్ఫై ఏళ్లు దాటినా నాకు పాతబడలేదు. చేతిలో దుప్పటి పెట్టుకుని పాట అయ్యేదాకా అలాగే ఉండిపోయాను.

మారిపోయినవి వేరే ఉన్నాయి. ‘డెడ్’ అనే పాటకి మేమిద్దరం గొంతులు కలిపి పాడి నవ్వేవాళ్లం. చచ్చిపోయినవాడు సరుకుల సంచీగా తిరిగి పుడతాడు, ఒంటి మీద అచ్చేసిన తేదీ రాకముందే ఎవరో అలమర నుంచి తీసేస్తారు. ఇవాళ నవ్వు రాలేదు. పియానో మీద రెండు గొంతులు అంత మెత్తగా పాడుతున్నది చెయ్యాలనుకుని చెయ్యకుండా మిగిలిపోయిన పనుల గురించి. ‘యువర్ రేసిస్ట్ ఫ్రెండ్’కి గెంతుతూ డాన్సు చేసేవాళ్లం, అదేమో పార్టీలో జాతి ద్వేషం వెళ్లగక్కే మనిషిని ఎదురుగా చూస్తూ, వాణ్ణి వెనకేసుకొచ్చే స్నేహితుడితో ఇక నేనిక్కడ ఉండలేనని చెప్పే పాట. అంత హుషారైన బాణీలో అంత కోపం ఉందని అప్పుడెలా తెలుస్తుంది.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు.

అరవై నిమిషాల క్యాసెట్‌కి ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలే. ఈ ఆల్బమ్‌లో పదమూడు పాటలు అయ్యేసరికి దాదాపు అంత సమయమూ అయిపోతుంది. పద్నాలుగోది ‘విస్లింగ్ ఇన్ ద డార్క్’. లోతైన గొంతు, బరువుగా అడుగులేస్తున్నట్టు తాళం. ఒకావిడ ఎదురొచ్చి, నీ బుర్రని తప్పుడు ఆలోచనలతో పాడుచేస్తానంటుంది, అయినా నేను చెడ్డదాన్ని కానని కూడా అంటుంది. అంతే. టక్‌మని క్యాసెట్ ఆగిపోయేది. సగం పాట ఎందుకని అన్నయ్య రెండో వైపు ఆ తర్వాతి పాటతో మొదలుపెట్టాడు. నా లెక్కలో ఆ పాట అంతవరకే. తర్వాత సీడీలు వచ్చాయి, ఫోన్లో పాటలు వచ్చాయి. నేనేమో ఇష్టమైన నాలుగైదు పాటలే విడివిడిగా వింటూ వచ్చాను. ఇన్నేళ్లలో దాన్ని పూర్తిగా విన్నది ఇవాళే.

టక్‌మనాల్సిన చోటు రాగానే తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. పాట ఆగలేదు. ఆ లోతైన గొంతు, నీకు బాగా చేతనైంది నీలా ఉండటమే, నీలాగే ఉండు అని పాడుకుంటూ పోయింది. తర్వాత ఇంకొకడొచ్చి నీ మనసు మారుస్తాను, రాయితో కొట్టి అంటాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. మనవాడు సంతోషంగా నడిచి వెళ్తూ గోడకి తల కొట్టుకుంటాడు. అది జైలు గోడ. ఇద్దరూ ఉండేది అక్కడే.

బట్టలు అలాగే వదిలేసి అన్నయ్యకి ఫోన్ చేశాను.

“ఏంటే, ఈ టైములో?”

“అన్నయ్యా, ఫ్లడ్‌లో సగంలో తెగిపోయిన పాట గుర్తుందా? తర్వాత ఏమవుతుందో తెలుసా నీకు?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నేనూ వినలేదే. క్యాసెట్ ఆగగానే సీడీ కూడా ఆపేశాను. స్నేహితుడు సాయంత్రానికల్లా ఇచ్చెయ్యమన్నాడు,” అన్నాడు.

చెప్పబోయాను. వద్దు, చెప్పకు, వినిపించు అన్నాడు. పాట మొదటికి తెచ్చి ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టాను. ఆవిడ వచ్చింది, అనాల్సింది అంది. క్యాసెట్ తెగే చోట అవతలి నుంచి అన్నయ్య నోటితో “టక్” అన్నాడు. పాట ముందుకి వెళ్లింది. ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడలేదు. మూడున్నర నిమిషాల పాట. జైలు గోడ దగ్గరికి వచ్చేసరికి అటు నుంచి “ఓరి నాయనో” అని వినిపించింది.

“మళ్లీ పెట్టవే,” అన్నాడు.