రిక్రూటర్ల కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నారా? ముందు మీ లెక్కలు సర్దుకోండి

బెంగళూరులో హెచ్‌ఆర్ మీట్లకు, టాలెంట్ సమ్మిట్లకు కొదవ లేదు. వెళ్లొచ్చినవాళ్లను ఏం పట్టుకొచ్చారని అడిగితే మాత్రం చాలామంది ఒక బ్యాగు, ఒక వాటర్ బాటిల్, నాలుగు ఫొటోలు చూపిస్తారు. స్టేజీ మీద చెప్పేవి చాలావరకు తర్వాత స్లైడ్లలోనో వీడియోల్లోనో దొరుకుతాయి. మీరు క్లోజ్ చేయలేకపోతున్న, అంటే మనిషిని పెట్టలేకపోతున్న పొజిషన్లనే ఇంకో కంపెనీలో క్లోజ్ చేస్తున్న మనిషి తన అసలు అంకెలు మీ ముందు పెట్టడం మాత్రం వేరెక్కడా దొరకదు. మొదటి పరిచయంలో ఎవరూ అలా పెట్టరు. రెండోసారి కలిసినప్పుడు పెడతారు. అందుకే టికెట్ కొనడం దగ్గర్నుంచి మర్నాడు పంపే మెసేజ్ దాకా అన్నీ ఆ రెండో కలయికను చూసుకునే చేయాలి.

ముందు ఎంపిక. అజెండా తెరిచి స్పీకర్ల పేర్ల కింద హోదాలు చదవండి. కంపెనీలో కూర్చుని హైరింగ్ చేసేవాళ్లు ఎంతమంది, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఎంతమంది? సగానికి మించి రెండో రకం ఉంటే అది ఎగ్జిబిషన్ అనుకుని వెళ్లండి, ఆ మాత్రం ఆశతోనే వెళ్లండి. 40 నిమిషాల ప్యానెల్లో ఐదుగురు స్పీకర్లు, ఒక మోడరేటర్ ఉంటే, పరిచయాలు పోగా ఒక్కొక్కరికి మిగిలేది ఐదారు నిమిషాలు. అందులో ఎవరూ అంకెలు చెప్పరు. వర్క్‌షాప్‌లు, రౌండ్‌టేబుళ్లు ఉన్న కార్యక్రమానికి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. మరోటి, హెచ్‌ఆర్ కాన్ఫరెన్స్ వేరు, రిక్రూటింగ్ కాన్ఫరెన్స్ వేరు. ఎన్‌హెచ్‌ఆర్‌డీ, ఎస్‌హెచ్‌ఆర్‌ఎం లాంటి హెచ్‌ఆర్ వృత్తి సంస్థల వేదికల మీద పేరోల్, లేబర్ కోడ్‌లు, లీడర్‌షిప్ అన్నీ నడుస్తాయి. సోర్సింగ్ (అభ్యర్థుల్ని వెతికి పట్టడం) గురించి మాట్లాడుకునేవాళ్లను అక్కడ మీరే వెతుక్కోవాలి.

ఉచిత పాస్ అంటే నిజంగా ఉచితమని కాదు. చాలాచోట్ల పాస్‌కి బదులుగా వెండర్లతో ఇన్ని ముఖాముఖి మీటింగులు కూర్చోవాలన్న షరతు ఉంటుంది. ఆ స్లాట్లు సరిగ్గా టీ బ్రేకుల్లోనే పడతాయి. మీరు వెళ్లిందే టీ బ్రేక్ కోసం కాబట్టి షరతులు చదివాకే ఒప్పుకోండి. డబ్బు పెట్టి కొంటే రిజిస్ట్రేషన్ ఫారంలోనే కంపెనీ జీఎస్టీ నంబర్ ఇవ్వండి, బిల్లు తర్వాత మార్పించుకోవడం తలనొప్పి. హైదరాబాద్ ఆఫీసు పేరున కొనేవాళ్లు ముందే అకౌంట్స్‌ని అడగడం మంచిది. బిల్లులో కర్ణాటక ఎస్‌జీఎస్టీ (ఆ రాష్ట్రపు జీఎస్టీ) పడితే తెలంగాణ రిజిస్ట్రేషన్‌లో దానికి క్రెడిట్ (కట్టిన పన్ను సర్దుబాటు) రాదు.

ఇక అసలు సంగతి, మీ లెక్కలు. అంకెలు లేకుండా వెళితే మాట "మార్కెట్ చాలా టఫ్‌గా ఉందండీ" దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. గత ఆరు నెలలవి నాలుగు అంకెలు చాలు: ఎన్ని ఆఫర్లు ఇచ్చారు, ఎన్ని యాక్సెప్ట్ అయ్యాయి, ఎంతమంది చేరారు, చేరినవాళ్లు ఏ సోర్స్ నుంచి వచ్చారు. కంపెనీ పేరుతో ముడిపెట్టి చెప్పకూడనివి ఏవో మీ మేనేజర్‌ని ముందే అడిగి తెలుసుకోండి. శాతాలు చెప్పొచ్చు, పొజిషన్ల సంఖ్య వద్దనే కంపెనీలు ఉంటాయి.

అంకెతో పాటు దాని నిర్వచనం కూడా పట్టుకెళ్లాలి. 100 ఆఫర్లు ఇచ్చారు, 85 యాక్సెప్ట్ అయ్యాయి, 60 మంది చేరారనుకుందాం. ఇచ్చిన ఆఫర్ల మీద లెక్కేసేవాళ్లు జాయినింగ్ రేషియో 60 శాతం అంటారు. యాక్సెప్ట్ అయిన వాటి మీద లెక్కేసేవాళ్లు 70.6 శాతం అంటారు. ఇద్దరి పనితీరూ ఒక్కటే అయినా ఒకరు బాధపడుతూ, ఒకరు ఛాతీ విరుచుకుని ఇంటికెళ్తారు. టైమ్ టు ఫిల్ (పొజిషన్ నింపడానికి పట్టే రోజులు) సంగతీ అంతే. రిక్విజిషన్ (మనిషి కావాలన్న అభ్యర్థన) అప్రూవ్ అయిన రోజు నుంచా, సోర్సింగ్ మొదలైన రోజు నుంచా? ఆఫర్ యాక్సెప్ట్ అయ్యేదాకానా, జాయిన్ అయ్యేదాకానా? 90 రోజుల నోటీస్ పీరియడ్ ఉన్న మన మార్కెట్లో ఈ ఒక్క తేడాతోనే 40 రోజులు 130 అవుతాయి. విదేశీ స్పీకర్ చూపించే స్లైడుతో మీ అంకెని పోల్చుకునే ముందు ఇది అడిగి తీరాలి.

ఏజెన్సీ నడిపేవాళ్ల లెక్కలు వేరు. 8.33 శాతం ఫీజు అంటే ఏడాది సీటీసీలో (ఉద్యోగి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చులో) పన్నెండో వంతు, ఒక నెల జీతం. 18 లక్షల సీటీసీ మీద దాదాపు లక్షన్నర. వేరియబుల్ పే 2 లక్షలు తీసేసి లెక్కిస్తే అది 1.33 లక్షలకు దిగుతుంది. కాబట్టి ఇంకో ఏజెన్సీవాళ్లు "మాకు 10 శాతం ఇస్తున్నారు" అంటే దేని మీద, రీప్లేస్‌మెంట్ క్లాజ్ (చేరిన మనిషి మానేస్తే ఇంకొకరిని ఇచ్చే షరతు) ఎన్ని రోజులు, పేమెంట్ ఎన్నాళ్లకు వస్తుంది అనే మూడూ కలిపి వినాలి.

ఈ అంకెల్లోంచి మూడు ప్రశ్నలు రాసుకోండి. "ఆఫర్ డ్రాప్స్ ఎలా తగ్గిస్తున్నారు?" (ఒప్పుకున్న ఆఫర్‌ని అభ్యర్థి వదిలేయడమే డ్రాప్) అన్నది మరీ వెడల్పు. "మీకు డ్రాప్స్ నోటీస్ మొదటి నెలలో ఎక్కువా, చివరి రెండు వారాల్లో ఎక్కువా?" అని అడగండి. మొదటి నెల అంటే కౌంటర్ ఆఫర్ (పాత కంపెనీ జీతం పెంచి ఆపేయడం) సమస్య కావచ్చు, చివరి రెండు వారాలంటే చేతిలో ఇంకో ఆఫర్ ఉందనుకోవచ్చు. రెండింటికీ మందు వేరు. ఇలాంటి ప్రశ్న వేస్తే అవతలి మనిషి ఫోన్ పక్కన పెట్టి మాట్లాడతారు.

వేదిక ఎక్కడో చూసుకోండి. తుమకూరు రోడ్డులో ఉన్న బీఐఈసీ ఎగ్జిబిషన్ సెంటర్‌కి ఇప్పుడు గ్రీన్ లైన్ మెట్రోలో మాదావర దాకా వెళ్లొచ్చు. వైట్‌ఫీల్డ్ వైపు హోటళ్లకు పర్పుల్ లైన్ ఉంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద పొద్దున్న క్యాబ్‌ని నమ్ముకుంటే మొదటి సెషన్ మీద ఆశ వదులుకోవాలి. హైదరాబాద్ నుంచి కాచిగూడ–యశ్వంతపుర వందేభారత్‌లో వచ్చేవాళ్లు ముందు రోజే ఎక్కాలి, అది మధ్యాహ్నానికి గానీ చేర్చదు.

రిజిస్ట్రేషన్ తెరిచే వేళకు అక్కడుండండి. ఆ క్యూ చాలా మంచి చోటు. ఎవరి గుంపూ ఇంకా కట్టలేదు, అందరూ ఒంటరిగా నిలబడి ఉంటారు, మాట కలపడానికి మెడలో బ్యాడ్జీ చాలు. భోజనాల వేళకి పాత సహోద్యోగులంతా ఒక టేబుల్‌కి చేరిపోతారు. బెంగళూరులో ఇంకో సంగతి: టీ దగ్గర నలుగురిలో ముగ్గురికి తెలుగు వస్తుందని తెలిస్తే మాట ఇట్టే తెలుగులోకి జారిపోతుంది. "అన్నా, మీది అనంతపురమా, మాది హిందూపురం" మొదలైందంటే నాలుగో మనిషి కప్పు పట్టుకుని మెల్లగా జరిగిపోతాడు. ఆ నాలుగో మనిషే పీణ్యలో ఫ్యాక్టరీ హైరింగ్ చేసే కన్నడిగుడై ఉండొచ్చు, మీకు కావాల్సిన జవాబు ఆయన దగ్గరే ఉండొచ్చు. ఊళ్ల లెక్కలు సాయంత్రానికి దాచుకోండి.

ప్రశ్నోత్తరాల్లో ఒక్కసారైనా మైక్ అందుకోండి. పేరు, కంపెనీ, ఒక వాక్యం నేపథ్యం, ఒక ప్రశ్న, అంతా 20 సెకన్లలో. స్పీకర్ జవాబు ఎలా ఉన్నా ఫర్వాలేదు. అదే సమస్య ఉన్నవాళ్లు బ్రేక్‌లో మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. "చాలా అద్భుతంగా మాట్లాడారు సార్" అని మొదలుపెట్టి రెండు నిమిషాల ఉపన్యాసం ఇస్తే మాత్రం ఎవరూ రారు.

లింక్డిన్ యాప్‌లో సెర్చ్ బార్ పక్కనుండే క్యూఆర్ కోడ్‌ని ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. హాల్లో నెట్ సరిగా రాదు. విజిటింగ్ కార్డులు ఒక ఇరవై ఉంచుకోండి, ఏజెన్సీ యజమానులు ఇంకా వాటినే వాడతారు. ఎవరితో మాట్లాడినా విడిపోగానే మూడు ముక్కలు రాసుకోండి: ఎక్కడ కలిశాం, ఏం అడిగారు, నేనేం పంపుతానన్నాను. మూడోది లేకపోతే రెండో కలయికకు దారి లేదు.

48 గంటల లోపు మెసేజ్ వెళ్లాలి. వచ్చే వారానికి ముఖం కూడా గుర్తుండదు. "కలవడం సంతోషం, టచ్‌లో ఉందాం" అంటే జవాబు ఒక నమస్కారం బొమ్మ. ఇలా రాయండి: "నమస్తే అండీ, నిన్న రిజిస్ట్రేషన్ క్యూలో కలిశాం. రెఫరల్ బోనస్‌ని రెండు విడతలుగా ఇస్తున్నామన్నారు కదా. చెప్పినట్టే మా పాలసీ డ్రాఫ్ట్‌లో దాని గురించి రాసుకున్న భాగం పంపుతున్నాను. వచ్చే శనివారం పొద్దున్న ఇందిరానగర్ వైపు ఉంటే అరగంట కూర్చుందామా?" ఒక కార్యక్రమం తర్వాత ఇలా ముగ్గురికి పంపితే చాలు. యాభై మందికి ఒకే మెసేజ్ కాపీ కొట్టేవాళ్లను రిక్రూటర్లు ఇట్టే పట్టేస్తారు, అది వాళ్ల రోజువారీ పని కదా.

ఆ ముగ్గురు నాలుగు కార్యక్రమాలకు పదిమంది దాటుతారు. అప్పుడు చిన్న బృందం మొదలుపెట్టొచ్చు. నా ఉద్దేశంలో కాన్ఫరెన్స్ కన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే, తొందరగా పాడయ్యేదీ ఇదే.

రకరకాల మనుషుల్ని కలపండి: ఒక జీసీసీ (విదేశీ కంపెనీ ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసు), ఒక సర్వీస్ కంపెనీ, ఒక స్టార్టప్, ఒక స్టాఫింగ్ ఏజెన్సీ, కుదిరితే బొమ్మసంద్ర వైపు తయారీ రంగం నుంచి ఒకరు. అందరూ ఒకే పాత కంపెనీ నుంచి వస్తే అందరి దగ్గరా అవే ప్రొఫైళ్లు, అవే ఉపాయాలు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో బోస్టన్ శివారులో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను అడిగాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ మనిషిని తరచూ కలుస్తున్నామన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. అంటే దగ్గరివాళ్ల కన్నా దూరపు పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయి. ఉద్యోగాలిచ్చే పనిలో ఉన్న మనకి ఇది ఇంకా బాగా వర్తిస్తుంది.

వేళ దగ్గర చాలా బృందాలు తప్పటడుగు వేస్తాయి. గురువారం సాయంత్రం ఆరున్నర అంటే సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్ దాటలేక సగం మంది ఆగిపోతారు. శనివారం పదింటికి అంటే వాకిన్ డ్రైవ్ ఉన్నవాళ్లు రారు. శనివారం పొద్దున్న ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా, మెట్రో స్టేషన్‌కి నడిచే దూరంలో పెట్టుకోండి. చోటు ఎంచుకునేటప్పుడు టిఫిన్ రుచిని రెండో మెట్టున పెట్టండి. గాంధీ బజార్ విద్యార్థి భవన్‌లో దోసె తినొచ్చు గానీ, వెనక జనం నిలబడి చూస్తుంటే ఆఫర్ డ్రాప్స్ గురించి గంటసేపు మాట్లాడలేం. ఆఫీస్ మీటింగ్ రూమ్ అయితే సందర్శకుల జాబితా రెండు వారాల ముందు ఇవ్వాలి. శనివారం టెక్ పార్కులో ఏసీ నడుస్తుందో లేదో ఫెసిలిటీస్ వాళ్లను అడగాలి.

పదిహేను మంది రావాలంటే పాతిక మందిని పిలవండి. పదిహేను దాటితే మాట నలుగురి చేతుల్లోకి పోతుంది. ప్రతిసారీ ఒక్కరే ఒక కేసు తేవాలి, అదీ ఇంకా తేలని కేసు. గెలిచిన కథలు స్టేజీల మీద చాలానే ఉన్నాయి. కేసు చెప్పడానికి 20 నిమిషాలు, ప్రశ్నలకు 40, మిగిలిన సమయం ఎవరికి ఏం కావాలో చెప్పుకోవడానికి. చాటమ్ హౌస్ నియమం పెట్టుకోండి, 1927 నుంచి వాడుకలో ఉన్న పద్ధతే: విన్నది వాడుకోవచ్చు, ఎవరు చెప్పారో, ఏ కంపెనీయో బయట చెప్పకూడదు.

వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు. పట్టినంత మందినీ చేర్చారంటే నెలకల్లా అది జేడీల (ఉద్యోగ వివరాల ప్రకటనల) సంతగా మారుతుంది. జేడీలకు వారంలో ఒక రోజు ఇవ్వండి. వెండర్ డెమోకి మూడు నెలలకోసారి పదిహేను నిమిషాలు, అది కూడా సభ్యులు అడిగితేనే.

రెజ్యూమేలు మాత్రం గ్రూపులో ఎప్పుడూ పెట్టకూడదు. ఫోన్ నంబరు, మెయిల్, ఒక్కోసారి పుట్టిన తేదీ, ప్రస్తుత జీతం, అన్నీ అందులో ఉంటాయి. అభ్యర్థి మీ కంపెనీకి ఇచ్చాడు, రెండొందల ఫోన్లకు కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. డేటా భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. దీనికి సులువైన పద్ధతి ఉంది: రెజ్యూమే పంపకుండా, దాన్ని అడిగిన రిక్రూటర్ ప్రొఫైల్ లింక్‌ని అభ్యర్థికి పంపండి. ఇష్టమైతే అభ్యర్థే ఆ రిక్రూటర్‌కి రాస్తాడు.

అంతకన్నా ప్రమాదకరమైనది 'ఆఫర్ షాపింగ్' (ఒక ఆఫర్ చూపించి ఇంకోటి తెచ్చుకోవడం) చేసేవాళ్ల పేర్లతో తిరిగే ఎక్సెల్ షీటు. ఆఖరి రోజు ఫోన్ ఎత్తని అభ్యర్థి మీద కోపం రావడం సహజమే. కానీ ఆసుపత్రిలో ఉన్నవాడూ, ఆఫర్ లెటర్లో జీతం తగ్గించారని మానేసినవాడూ అదే షీటులో ఎక్కుతారు. తమ వైపు చెప్పుకునే అవకాశం వాళ్లకు ఉండదు, పరువునష్టం దావా పడితే ఫార్వర్డ్ చేసినవాళ్ల పేరూ బయటికొస్తుంది. పేర్లు వదిలి తీరు గురించి మాట్లాడుకోండి: నోటీసులో ఏ వారంలో మాట తగ్గింది, రిలీవింగ్ తేదీ ఎన్నిసార్లు జరిగింది, డాక్యుమెంట్లు ఎప్పుడు ఆగాయి.

జీతాల విషయంలోనూ ఒక గీత ఉంది. ఈ స్కిల్‌కి మార్కెట్ ఎలా ఉందని సాధారణంగా మాట్లాడుకోవడం ఒకటి. "మనమంతా 30 శాతం హైక్ దాటొద్దు", "మీవాళ్లను మేం తీసుకోం, మావాళ్లను మీరు తీసుకోవద్దు" అనుకోవడం పూర్తిగా వేరు. పోటీదారులు ఇలా ఒప్పందాలు చేసుకుంటే 2002 నాటి కాంపిటీషన్ చట్టం గుమ్మం తొక్కినట్టే. అమెరికాలో ఒకరి ఉద్యోగుల్ని ఒకరు పిలవకూడదన్న ఒప్పందాల మీద ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ కంపెనీలపై ఉద్యోగులు వేసిన దావా 2015లో 41.5 కోట్ల డాలర్ల దగ్గర తేలింది. అలాంటి మాట మొదలైతే అక్కడే ఆపి, ఆపినట్టు గ్రూపులో ఒక వాక్యం రాయండి.

డబ్బు విషయం చిన్నదే. టిఫిన్ ఖర్చు యూపీఐలో పంచుకోండి, మొదటి ఏడాది స్పాన్సర్ వద్దు.

నడిపే బాధ్యత ఆరు నెలలకోసారి చేతులు మారాలి, లేకపోతే ఒకరు అలసిపోయిన రోజున అంతా ఆగిపోతుంది. సభ్యుల షీటు, క్యాలెండర్ ఆహ్వానాలు కంపెనీ మెయిల్ మీద పెట్టకండి. రిక్రూటర్లు కూడా కంపెనీలు మారతారు. లాస్ట్ వర్కింగ్ డే సాయంత్రం ఐటీ వాళ్లు ఖాతా మూసేయగానే పదిహేను మంది ఆహ్వానాలూ దానితో పాటే పోతాయి. విడిగా ఒక మెయిల్ ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంచండి.