లింగ్విస్టిక్స్ పీహెచ్‌డీకి ఫండింగ్‌తో సీటు: నా అనుభవం

అందరూ అడిగేది డబ్బు గురించే కాబట్టి ముందు అదే చెప్పేస్తాను. నేను అమెరికాలో లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) పీహెచ్‌డీకి వచ్చాను, లోన్ తీసుకోలేదు, ఇంట్లోవాళ్లు పొలం తాకట్టు పెట్టలేదు. ఇక్కడ పేరున్న డిపార్ట్‌మెంట్లు పీహెచ్‌డీ సీటు ఇచ్చాయంటే దాంతోపాటే సాధారణంగా ఐదేళ్లపాటు ట్యూషన్ ఫీజు మాఫీ, హెల్త్ ఇన్సూరెన్స్, నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తాయి. బదులుగా కొన్ని సెమిస్టర్లు టీఏగా, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా డిగ్రీ పిల్లలకి క్లాసులు చెప్పాలి, పేపర్లు దిద్దాలి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఆ పని వారానికి 20 గంటలు దాటకూడదు. మన దగ్గర అమెరికా చదువంటే ఎంఎస్, ఎంఎస్ అంటే లక్షల్లో లోన్ అనే లెక్క అందరికీ పాతుకుపోయింది. మా పెదనాన్న అయితే "ఊరికే డబ్బెవరిస్తారు, ఎక్కడో మోసముంటుంది, జాగ్రత్తగా చూసుకో" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, మా చుట్టుపక్కల ఎవరూ ఇలా వెళ్లలేదు మరి.

అమెరికాలో ఈ ఫండింగ్ ప్రధానంగా పీహెచ్‌డీకి. ఎంఏకి అప్లై చేస్తే చాలా చోట్ల ఫీజు మనమే కట్టుకోవాలి. చాలా డిపార్ట్‌మెంట్లు పీహెచ్‌డీకి ఎంఏ ఉండి తీరాలని కూడా అడగవు, నేరుగా అప్లై చేసుకోవచ్చు. మాస్టర్సే కావాలనుకుంటే కెనడాలో కొన్ని యూనివర్సిటీలు ఎంఏ వాళ్లకి కూడా టీఏ ఇస్తాయి, యూరప్‌లో ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ వస్తే నెలకి 1,400 యూరోలు, ఫీజు ఉండదు. కంప్యూటర్, భాష రెండూ ఇష్టమైనవాళ్లు అందులో భాషా సాంకేతికత కోర్సులు చూడండి. జర్మనీ, నెదర్లాండ్స్, నార్వే లాంటి చోట్ల పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే, ప్రకటన వస్తుంది, జీతమిస్తారు.

మాది ఉత్తరాంధ్ర ఏజెన్సీలో సీతంపేట దగ్గర. ఎంఏ హైదరాబాద్‌లో చేశాను. ఎంఏ రెండో ఏడాదిలోనే నెట్ (మన దేశంలో లెక్చరర్ అర్హతకీ, పీహెచ్‌డీ ఫెలోషిప్‌కీ రాసే పరీక్ష) రాశాను, అది రాయకుండా విదేశాల మీదే ఆశ పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. అందులో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మన దేశంలో పీహెచ్‌డీకి మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత సీనియర్ ఫెలోగా (ఎస్ఆర్ఎఫ్) 42,000, హాస్టల్ లేకపోతే ఇంటద్దె భత్యం అదనం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), ఉస్మానియా మూడింటిలోనూ లింగ్విస్టిక్స్ ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1957లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి వెనక్కొచ్చి ఉస్మానియాలో నిలబెట్టిన చదువు అది, తక్కువదేమీ కాదు. నాకు జేఆర్ఎఫ్ వచ్చింది. అయినా బయటికి అప్లై చేసింది ఎందుకంటే నేను పని చేయాలనుకున్న విషయం మీద రాస్తున్నవాళ్లలో ఎక్కువమంది అక్కడున్నారు.

ఆ విషయం సవర గిరిజనులు మాట్లాడే సవర భాష. మా వారపు సంతలో చిన్నప్పటి నుంచీ వింటున్న భాష, ముండా భాషా కుటుంబానికి చెందింది, తెలుగుతో చుట్టరికం లేదు. అందులో కర్మగా విడిగా నిలబడాల్సిన నామం క్రియలోకి వెళ్లిపోయి రెండూ కలిసి ఒకే పదమైపోవచ్చు. గిడుగు రామమూర్తి గారు 1931లో వచ్చిన తన సవర వ్యాకరణంలో దీన్ని నమోదు చేశారు, ఈనాడు సింటాక్స్ (వాక్యనిర్మాణం) మీద పని చేసేవాళ్లు కూడా ఆ పుస్తకం తిరగేస్తూనే ఉంటారు. అలా క్రియలో కలిసిపోయిన నామాన్ని తర్వాతి వాక్యంలో 'అది' లాంటి సర్వనామంతో మళ్లీ ప్రస్తావించొచ్చా, లేక విడిగా ఉన్నప్పుడే అది కుదురుతుందా అన్నది నా ఎంఏ డిసర్టేషన్ ప్రశ్న. దాన్నే కుదించి, అప్లికేషన్‌తో పంపాల్సిన రైటింగ్ శాంపిల్ చేశాను.

నా అప్లికేషన్‌ని నిలబెట్టింది ఆ శాంపిలే అని నమ్ముతున్నాను. జీఆర్ఈ ప్రవేశ పరీక్షని చాలా లింగ్విస్టిక్స్ డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు అడగడం లేదు. ఎంఏ మార్కులు చూస్తారు గానీ, మన యూనివర్సిటీల్లో 70 శాతం ఎంత గొప్పో వాళ్లందరికీ తెలియదు. ఇరవై పేజీల పేపర్లో మాత్రం మీరు డేటా ఎలా సేకరించారు, మీ విశ్లేషణకి ఎదురొచ్చే వాక్యాలు దాచేశారా చూపించారా అన్నది దాచినా దాగదు. అందుకే రెండో సెమిస్టర్ సెలవుల్లో తీసుకున్న ఉదాహరణలన్నీ మళ్లీ ఊరెళ్లి మా ఇంటి వెనక ఉండే, సవర మాట్లాడే పెద్దమ్మతో, ఆవిడ కోడలితో ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను. ఇద్దరూ ఒప్పుకోని వాక్యాలు కొన్ని తేలాయి, వాటినీ పేపర్లో పెట్టాను. తర్వాత ఇంటర్వ్యూలో సగం సేపు వాటి గురించే అడిగారు!

రికమండేషన్ లెటర్లు మూడు కావాలి, ఇక్కడ మనవాళ్లకి బాగా దెబ్బ పడుతుంది. ఒక సార్ "నువ్వే రాసుకుని తీసుకురా, పెట్టేస్తాను" అన్నారు. మన దగ్గర ఇది మామూలే, కానీ విద్యార్థి రాసుకున్న ఉత్తరం పొగడ్తలతో నిండి ఉంటుంది, కమిటీకి అందులో సంగతేమీ దొరకదు. నేను ఆయన క్లాసులో ఏ టర్మ్ పేపర్ రాశాను, దానికి ఆయన ఏమన్నారు, డిసర్టేషన్‌లో ఏం తేలింది, ఇవన్నీ ఒక పేజీలో రాసిచ్చి, "సార్, దీన్ని చూసి మీ మాటల్లో రాయండి" అని అడిగాను. రాశారు. గడువుకి రెండు నెలల ముందే అడగడం వల్ల ఆయనకీ తీరిక దొరికింది.

ఎస్‌ఓపీలో, అంటే ఏం చదవాలనుకుంటున్నామో చెప్తూ రాసే వ్యాసంలో, చిన్నప్పటి నుంచి భాషలంటే ఇష్టం అని మొదలుపెట్టకండి, దయచేసి. మీ ప్రశ్న ఏమిటి, ఇంతవరకు ఏం చేశారు, ఆ డిపార్ట్‌మెంట్లో ఎవరితో ఎందుకు పని చేయాలనుకుంటున్నారు, అంతే చాలు. అప్లికేషన్ ఫీజు ఒక్కో చోట ఆరు వేలు, తొమ్మిది వేలు అవుతుంది. కొన్ని యూనివర్సిటీలు విదేశీ విద్యార్థులకి కూడా మాఫీ చేస్తాయి, అడగాలి. నేను నా ఇంటి ఆదాయం రాసి మర్యాదగా మెయిల్ పెడితే కొందరు వెంటనే కోడ్ పంపారు, కుదరదన్న చోట్లలో రెండిటిని వదిలేశాను. గడువులు ఎక్కువగా డిసెంబర్ మొదట్లో ఉంటాయి.

ఆ తర్వాత ఫిబ్రవరి అంతా టెన్షన్. రిజెక్ట్ మెయిళ్లు ముందొచ్చాయి, తర్వాత ఒక ఆఫర్, ఒక వెయిట్‌లిస్ట్. ఆఫర్ చేతికొస్తే కంగారుపడి ఒప్పుకోనక్కర్లేదు. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఏప్రిల్ 15 వరకు సమయమివ్వాలని ఒప్పందం చేసుకున్నాయి. ఆ గడువులో స్టైపెండ్ 9 నెలలకా 12 నెలలకా, వేసవిలో ఏం తింటాం, టీఏ ఏ ఏడాది నుంచి, ఇవన్నీ అక్కడ చదువుతున్న సీనియర్లని నిర్మొహమాటంగా అడగండి. నాకు 9 నెలల స్టైపెండ్, వేసవికి విడిగా గ్రాంట్ రాసుకోవాలి, అది తెలిసే ఒప్పుకున్నాను.

వీసాకి ఇబ్బంది పడలేదు, ఎందుకంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీదే ఖర్చు యూనివర్సిటీ భరిస్తుందని రాసి ఉంటుంది, బ్యాంక్ బ్యాలెన్స్ కూడబెట్టి చూపించే పని లేదు. కానీ చేతిలో కొంత డబ్బు మాత్రం తప్పదు. సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు, టికెట్, ఇంటి అడ్వాన్స్ అన్నీ ముందే కట్టాలి, నాకు మొదటి స్టైపెండ్ చేతికొచ్చేసరికి సెప్టెంబర్ చివరైంది. అది నాన్న చీటీ పాడి సర్దారు, మొదటి ఏడాదిలోనే తీర్చేశాను. ఇంకోటి, పన్ను కట్టేటప్పుడు భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ కింద మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తం మీద పన్ను లేకపోవడం) దొరుకుతుంది, మిగతా దేశాల వాళ్లలో చాలామందికి అది లేదు, వదులుకోకండి.

2025 నుంచి ఇక్కడ పరిశోధన నిధులు బాగా కోశారు, కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్ని ఆ ఏడాదికి ఆపేశాయి కూడా. అందుకే అప్లై చేసేముందు ఈ ఏడాది తీసుకుంటున్నారా అని డిపార్ట్‌మెంట్‌కి ఒక మెయిల్ పెట్టండి, యూరప్ ప్రకటనలు చూడండి, నెట్ రాయండి. సవర, కువి, కొండదొర, కోలామీ, గోండి మాట్లాడే ఇళ్ల పిల్లలు లింగ్విస్టిక్స్‌లోకి రావాలని నాకు చాలా కోరిక. ఆ భాషల గురించి బయటివాళ్లు రాసింది చాలు, ఇక ఇంట్లోవాళ్లు రాయాలి. అలాంటివాళ్లు ఎవరైనా అప్లై చేస్తుంటే శాంపిల్, ఎస్‌ఓపీ అక్టోబర్‌లోపు నాకు పంపండి, కూర్చుని చదివి చెప్తాను.