కొలవకుండా ఎట్లా మార్చినావు?

మొన్న ఆదివారం చెన్నై తిరువొత్తియూర్‌లో ఒక మెకానిక్ పెద్దాయన నడిరోడ్డు మీద నన్ను తిట్టాడు. "బ్యాటరీ మార్చినావు. సెల్ఫ్ విప్పించినావు. ఒక్కసారన్నా మీటర్ పెట్టి చూసినావా? కొలవకుండా ఎట్లా మార్చినావు?" తిట్టింది తెలుగులో. తమిళంలో అని ఉంటే సగం అర్థమై, సగం కాక గాలికి పోయేది. ఇది పూర్తిగా లోపలికి దిగింది.

కారు మా నాన్నది, 1999 మారుతి 800. ఆయనకు చూపు తగ్గాక ఒంగోలు నుంచి తెచ్చుకున్నాను. ఎన్నూర్‌లో 6 గంటల షిఫ్టుకి అదే దిక్కు. రెండు నెలలుగా పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజిన్‌ని తిప్పి లేపే మోటారు) మూలుగుతుంది, ఒక్కోసారి టక్‌మని చప్పుడు చేసి ఊరుకుంటుంది. కొత్త బ్యాటరీ వేయించాను. సెల్ఫ్ విప్పించి బుష్‌లు, కార్బన్‌లు మార్పించాను. వారం బాగుండేది, మళ్లీ అదే టెన్షన్.

ఒంగోలులో మా మెకానిక్ ఎన్నడూ ఇలా మాట్లాడలేదు. "మాస్టారి అబ్బాయివి, నువ్వెందుకు ఎండలో, ఇంటికెళ్లు, బండి నేనే తెస్తా" అనేవాడు. అతను పిలిచిందీ 'నువ్వు' అనే, ఈయన పిలిచిందీ 'నువ్వు' అనే. కానీ అక్కడి 'నువ్వు' వెనక మా నాన్న ఉన్నాడు, మా వీధి ఉంది. ఇక్కడ నేనెవరో ఈయనకు తెలియదు. నా కింద షిఫ్టులో 12 మంది పనిచేస్తారు, వాళ్లెవరినీ నేను నలుగురిలో అలా అనను. మావాళ్లకు పని రాదని కాదు. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. ఆ మాట ఆయనతో అందామని నోటిదాకా వచ్చింది.

అనలేదు, ఎందుకంటే ఆయన అప్పటికే మీటర్ నా చేతిలో పెట్టాడు. మీటర్ తీగల కొసల్లో ఒకటి బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజిన్ మీద ఆనించమన్నాడు. తను కూర్చుని తాళం తిప్పాడు. "చదువు" అన్నాడు. 3.4 ఓల్టులు. రెండూ ఎర్తే కదా, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి, తేడా 0.2 దాటకూడదట. తర్వాత యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకోమన్నాడు. వేడిగా ఉంది! ఎర్త్ దారి మూసుకుపోయి, సెల్ఫ్ నుంచి బ్యాటరీకి తిరిగి రావాల్సిన కరెంటు ఆ కేబుల్లోంచి దారి వెతుక్కుంటోంది.

కింద గేర్‌బాక్స్ దగ్గర బిగించిన ఎర్త్ పట్టీ విప్పితే, జడలా అల్లిన రాగిపోగులు పచ్చగా చిలుము పట్టి చేతిలో రాలాయి. నాలుగైదు పోగులు మిగిలాయంతే. ఇక్కడి ఉప్పుగాలి ఇనుప గేటునే తినేస్తుంది, ఆ పోగులెంత? ముందు చూసినతను మీటర్‌ని బీప్ మీద పెట్టి "ఎర్త్ బాగానే ఉంది" అన్నాడు. ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. సెల్ఫ్‌కి కావాల్సింది వంద ఆంపియర్లకు పైమాటే. అందుకే బరువు మీద, అంటే సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు కొలవాలి. పాత కారులో లైట్లు మసకబారినా, హారన్ గొంతు తగ్గినా నేనిక ముందు ఎర్తే చూస్తాను.

పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో పాత పట్టీ దొరుకుతుందేమో అన్నాను. "పాత డోరు తెచ్చుకో, పాత అద్దం తెచ్చుకో, ఎర్త్ మాత్రం కొత్తదే వెయ్యి" అని తనే కొత్తది తీశాడు. బోల్టు కూర్చునే చోట ఎమెరీ పేపర్‌తో లోహం తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. బిగించి పైన వ్యాజలిన్ పూశాడు. మళ్లీ నాతోనే చదివించాడు. 0.1. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.1, అంటే బ్యాటరీని చార్జ్ చేసే డైనమోకి ఏమీ కాలేదు.

పట్టీ ఖరీదు తప్ప పైసా తీసుకోలేదు. బలవంతపెడితే, "సెల్ఫ్‌కి దండగ పెట్టినావు గదా, చాలు" అన్నాడు. పొద్దున అంత మాటన్న గొంతేనా ఇది అనిపించింది. నేను కోప్పడింది తప్పా, ఆయన అన్న తీరు తప్పా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

బయల్దేరబోతుంటే వెనక అద్దం మీద నాన్న రాయించిన అక్షరాలు చూపించి, "అదేమి రాసుండాది?" అని అడిగాడు. తాతల కాలం నుంచి ఇంట్లో తెలుగేనట, చదువు మాత్రం తమిళంలో.

"శ్రీ ఆంజనేయం" అని చదివాను.

చేతుల గ్రీసు గుడ్డకు తుడుచుకుని దణ్ణం పెట్టుకున్నాడు.