పచ్చళ్ళు లోగో: రెండు వత్తుల మధ్య అర మిల్లీమీటరు గొడవ

ఈ రోజు ప్రింటు కూడా పోయింది. 50 మి.మీ. గుండ్రటి స్టిక్కర్‌గా మూత మీద అంటిస్తే లోగో చక్కగా ఉంది. అదే లోగోని మొదటిసారి 25 మి.మీ.కి దించి థర్మల్ ప్రింటర్‌లో (వేడితో కాగితాన్ని నల్లబరిచే రకం) వేయగానే "పచ్చళ్ళు" అనే మాట అడుగున నల్లటి ముద్ద తయారైంది. అక్క (ఈ పచ్చళ్ళ వ్యాపారం ఆవిడదే, ఉండేది గుంటూరు) వాట్సాప్‌లో ఫొటో పెట్టారు, వెనకాలే ఒక వాయిస్ మెసేజ్, అందులో వాళ్ళ అత్తగారి గొంతు: "అక్షరాల కింద మసి అంటుకుందేంటమ్మా?" పెద్దావిడ తేల్చినంత సూటిగా నా డిజైనర్ ఫ్రెండ్స్ ఎవరూ తేల్చలేదు, వాళ్ళందరూ "బాగుంది, కలర్ కొంచెం మార్చు" దగ్గరే ఆగిపోయారు.

ముందు అయిపోయినవి చెప్పేస్తాను. జాడీ బొమ్మ అయిపోయింది, ఓకే అయింది. వాసెన గుడ్డ ముడి పెంటెల్ బ్రష్ పెన్‌తో కాగితం మీద వేసి స్కాన్ చేశాను, గీత సన్నం నుంచి లావుకి వెళ్ళే తీరు టాబ్లెట్ మీద నాకు ఎప్పుడూ అంత బాగా రాదు. రంగులు రెండే, జాడీ గోధుమరంగు, ఆవకాయ ఎరుపు. అంతే.

ఇక వత్తుల సంగతి.

ఈ మాటలో తంటా అంతా "చ్చ" పక్కనే "ళ్ళు" రావడంలో ఉంది. వత్తు ఒక్కటే అయితే ఎలాగోలా సర్దుకోవచ్చు, ఇక్కడ రెండు వత్తులు భుజాలు రాసుకుంటూ వేలాడుతున్నాయి. మాట తిన్నగా ఉంటే గొడవే లేదు. అక్కకి మాత్రం జాడీ చుట్టూ పేరు తిరగాలి, "పాత సీసాల మూతల మీద ఉండేట్టు" అన్నారు, నాకూ అదే నచ్చింది కాబట్టి ఒప్పుకున్నాను.

పైవంపు మీద అక్షరాలు పెడితే జరిగేది ఇది. నా బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) వృత్తం వ్యాసార్ధం 18 మి.మీ. అక్షరాల తలకట్లు 23 దగ్గర ఉన్నాయి, వత్తులు 3.5 మి.మీ. కిందికి దిగి 14.5 దగ్గర ఆగుతాయి. అంటే వత్తులు కేంద్రం వైపు దిగుతున్నాయి, దిగేకొద్దీ చోటు తగ్గుతుంది. 14.5ని 18తో భాగిస్తే 0.8. తిన్నటి గీత మీద చ వత్తు నడిమి నుంచి ళ వత్తు నడిమికి 5.2 మి.మీ. ఉండేది వంపు మీద వత్తుల అడుగున 4.2కి పడిపోతోంది. చ వత్తు వెడల్పు 3.4, ళ వత్తు 3.8, రెండిటి సగాలు కలిపితే 3.6. మిగిలే సందు 0.6 మి.మీ. మూత స్టిక్కర్ మీద 0.6 సరిపోతుంది, ప్రింటింగ్ షాపులో డిజిటల్ మెషీన్ దాన్ని శుభ్రంగా వేసింది.

25 మి.మీ.కి వస్తే ఆ సందు 0.3 అవుతుంది. అక్క దగ్గరున్నది కొరియర్ లేబుళ్ళు వేసుకునే మామూలు 203 డీపీఐ ప్రింటర్, అంటే అంగుళానికి 203 చుక్కలు, మిల్లీమీటరుకి 8. 0.3 మి.మీ. అంటే రెండు చుక్కల మీద కొంచెం. వేడికి ప్రతి చుక్కా అటూ ఇటూ కాస్త పాకుతుంది, అంచుకి ఒక్కో చుక్క చొప్పున పాకినా సందు పూర్తిగా పూడిపోయినట్టే. దీనికి తోడు ళ వత్తు లోపలి మెలిక. పెద్ద సైజులో అది 0.9 మి.మీ. ఖాళీ, చిన్నదాంట్లో 0.45, చుక్కల్లో మూడున్నర, పాకాక మిగిలేది ఒకటిన్నర. ఒకటిన్నర చుక్క అని ప్రింటర్‌కి ఉండదు కదా, ఒక లేబుల్‌లో ఒకటి, ఇంకో లేబుల్‌లో సున్నా.

600 డీపీఐ లేజర్‌లో ఏ4 మీద వేసి చూసుకుని "చదవొచ్చు" అనుకునేవాళ్ళకి ఒక మాట, లేజర్ ప్రింటు చూసి థర్మల్ సంగతి తేల్చకండి. అది మరీ మంచి ప్రింటర్.

నిన్నటి దాకా చేసి చూసినవి

వత్తుల్ని చిన్నవి చేయడం అందరికీ ముందు తట్టే ఉపాయం. 70 శాతానికి తగ్గిస్తే సందు పెరిగింది, గీతలు సన్నబడ్డాయి. పైఅక్షరాల గీత 0.8, వత్తుల గీత 0.56, పక్కపక్కన పెడితే వత్తులు వేరే ఫాంట్‌లోంచి ఎత్తుకొచ్చినట్టున్నాయి. గీతని మళ్ళీ 0.75కి లావు చేశాను, ళ మెలిక లోపలికి మూసుకుపోయింది. కాబట్టి ఈ దారి మూసుకుపోయింది.

ఎత్తుల్లో తేడా: చ వత్తుని పైకి జరిపి, ళ వత్తుని 1 మి.మీ. కిందికి దించి మెట్టులా పెట్టాను. ముద్ద కాలేదు. చూడగానే మాత్రం ళ జారి పడిపోతున్నట్టుంది, అక్క కూడా "అది ఊడిపోయిందా?" అని అడిగారు.

వత్తుని పక్కకి తేవడం: చేత్తో సైన్‌బోర్డులు రాసేవాళ్ళు చోటు చాలనప్పుడు చేసే పని ఇది, వత్తుని అక్షరం కిందికి దించకుండా కుడి మూలకి లాగి, బేస్‌లైన్‌కి కాస్త దిగువన కూర్చోబెడతారు. నాకు అన్నిటికన్నా నచ్చిన రూపం ఇదే, పాత షాపుల బోర్డుల మీద ఈ రకం "చ్చ" కనిపిస్తే ఇప్పటికీ ఫోన్ తీసి ఫొటో కొడతాను. ఇబ్బందల్లా మాట పొడుగవ్వడం. మొత్తం పేరు 34.6 మి.మీ. ఉన్నది 42 దాటింది, డిగ్రీల్లో 110 కాస్తా 135 అయింది. పేరు రెండు పక్కలా జారి కింద ఉన్న "గుంటూరు"కి అటూ ఇటూ పెట్టిన చిన్న మామిడాకుల్ని తగులుతోంది. ఆకులు తీసేస్తే ఖాళీ కొడుతోంది. దీన్ని ఇంకా పూర్తిగా వదల్లేదు.

అడుగు వంపు మీదికి మార్చడం: అప్పుడు వత్తులు బయటికి తిరుగుతాయి, చోటే చోటు. కానీ తలకట్లు లోపలికి తిరిగి 13 మి.మీ. దగ్గర ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. పైగా షాపు పేరు అడుగున ఎవరు పెట్టుకుంటారు.

ప్రింటర్ డార్క్‌నెస్ (చుక్క ఎంత నల్లగా పడాలో చెప్పే సెట్టింగ్) తగ్గించడం: అక్కతో ఫోన్‌లో ఉండి 10 నుంచి 7కి దింపించాను. మెలిక తెరుచుకుంది! అరగంట ఎగిరి గంతేశాను. తర్వాత అదే లేబుల్ మీద ఉన్న బార్‌కోడ్ వెలిసిపోయి స్కాన్ అవ్వట్లేదని ఫోన్ వచ్చింది. మళ్ళీ 10.

మాట మధ్యలో ఇంకో సంగతి: అక్క వాడేది సిరా రిబ్బన్ అక్కర్లేని థర్మల్ కాగితం. దానికి నూనె తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి, పచ్చడి సీసాకి నూనె తగలకుండా ఉండడమా! రిబ్బన్ ఉండే ప్రింటర్ తీసుకోమని చెప్పాను, వాక్స్-రెజిన్ (మైనం, రెజిన్ కలిసిన) రిబ్బన్ అయితే కొంత నయం. "ఈ సీజన్ అయ్యాక చూద్దాం లేమ్మా" అన్నారు. ఆవకాయ సీజన్‌లో ఎవరికైనా ప్రింటర్ కొనే తీరిక ఉంటుందా, కాయ కొట్టించడానికే మనుషులు దొరకట్లేదట.

ఈ రోజు చేసింది

కంప్యూటర్‌లో అక్షరాన్ని వంపు మీద పెడితే అక్షరం, వత్తు రెండూ కలిసి ఒకే ముక్కగా తిరుగుతాయి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయినా ఇంకో దాంట్లో అయినా అంతే. (ఇంక్‌స్కేప్ నాకు చాలు, నెలనెలా అద్దె కట్టే సాఫ్ట్‌వేర్లు ఫ్రీలాన్సర్లకి దండగ అని నా అభిప్రాయం, కొట్లాటకి రావద్దు.) అక్షరాల్ని అవుట్‌లైన్ చేసి (టైపు చేసిన మాటని ఉత్త గీతల బొమ్మగా మార్చి) వత్తుల్ని విడగొట్టి, చ వత్తుని అక్షరానికి అతుక్కున్న చోటు నుంచి ఎడమకి 4 డిగ్రీలు, ళ వత్తుని కుడికి 4 డిగ్రీలు తిప్పాను. 3.5 మి.మీ. పొడుగున్న వత్తు 4 డిగ్రీలు తిరిగితే అడుగున దాదాపు పావు మిల్లీమీటరు జరుగుతుంది. రెండూ కలిపి అర. సందు 0.6 నుంచి 1.1కి వచ్చింది, చిన్న సైజులో 0.55, చుక్కల్లో నాలుగు పైన. పాకినా రెండు చుక్కల తెలుపు మిగలాలి.

మిగిలింది కూడా! ఈ రోజు ఫొటోలో రెండు వత్తులూ విడివిడిగా ఉన్నాయి. పెద్ద సైజులో తిప్పినట్టు కూడా తెలియట్లేదు, 6 డిగ్రీలు చేస్తే మాత్రం వత్తులు కాళ్ళు చాపినట్టు కనిపిస్తాయి, 4 దగ్గరే ఆగాలి.

ళ మెలిక మాత్రం నల్లగానే ఉంది. అదొక్కటే ఇప్పుడు మసి.

నా అనుమానాలు మూడు. ఒకటి, అక్క పీడీఎఫ్ ప్రింట్ చేసేటప్పుడు "పేజీకి సరిపెట్టు" టిక్ అయి ఉంటుంది, 97 శాతమో 96 శాతమో అయితే నేను లెక్కేసిన చుక్కలన్నీ సగాలుగా చీలుతాయి. స్కేలుతో కొలిచి చెప్పమన్నాను, 24 మి.మీ. మీద కొంచెం అన్నారు. అంటే అనుమానం నిజమే అయి ఉండొచ్చు, గుండ్రటి బొమ్మని ప్లాస్టిక్ స్కేలుతో కొలిస్తే ఆ మాత్రం తేడా మామూలుగానే వస్తుంది కూడా. రెండు, నేను పంపినది వెక్టర్ (చుక్కలుగా కాకుండా గీతల లెక్కలుగా ఉండే బొమ్మ), దాన్ని నలుపు తెలుపు చుక్కలుగా మార్చేది ప్రింటర్ డ్రైవర్. అంచుల్లో బూడిదరంగు వచ్చిన చుక్కల్ని అది నలుపులోకే తోస్తున్నట్టుంది. మూడు, గీత 0.4 మి.మీ. అంటే 3.2 చుక్కలు, ఒక చోట 3 పడుతుంది, ఇంకో చోట 4. మెలిక దగ్గర రెండు పక్కలా 4 పడితే ఇక లోపల ఏం మిగులుతుంది.

కాబట్టి వెక్టర్ పంపడం మానేస్తున్నాను. చిన్న సైజుకి వేరే బొమ్మ, 200 × 200 చుక్కలు, అచ్చంగా నలుపు తెలుపు, బూడిద లేకుండా. 25 మి.మీ.కి మిల్లీమీటరుకి 8 చొప్పున సరిగ్గా 200. గీత అన్నిచోట్లా 3 చుక్కలు, మెలిక లోపల ఖచ్చితంగా 4 చుక్కల తెలుపు, దానికోసం ళ వత్తు ఒక చుక్క వెడల్పయినా పర్లేదు. ఒక్కో చుక్కా చేత్తో పెట్టాలి, కళ్ళు పోతాయి, అయినా ఈ పని ఆటో ట్రేస్‌కి (బొమ్మ చూసి గీతలు తనంతట తనే గీసే సదుపాయం) అప్పగించను. ఏ సాఫ్ట్‌వేర్ ఆటో ట్రేస్ అయినా తెలుగు అక్షరం గుండ్రాన్ని మూలలుగా విరిచేస్తుంది, నాలుగు నోడ్లతో (గీత వంపుని పట్టి ఉంచే బిందువులు) అయ్యే సున్నకి ఇరవై పెడుతుంది, వాటిని శుభ్రం చేసే టైములో మళ్ళీ గీసుకోవచ్చు.

రెడీమేడ్ ఫాంట్ వాడొచ్చుగా అని అడిగేవాళ్ళున్నారు. రామభద్ర పెట్టి చూశాను, పోస్టర్లకి, హెడ్డింగులకి ఆ లావు గీత అంటే నాకు చాలా ఇష్టం, కానీ అది పెద్ద సైజు కోసం చేసిన ఫాంట్, దాన్ని 25 మి.మీ. గుండ్రంలో ఇరికించడం అన్యాయం. నోటో సాన్స్ తెలుగు ఇంత చిన్నదాంట్లోనూ చదవడానికి హాయిగా ఉంది, కాకపోతే పచ్చడి వాసన రాదు, బ్యాంకు యాప్‌లా ఉంటుంది. వత్తు ఎంత తేలిగ్గా పడొచ్చో చూడాలంటే బాపు గారి చేతిరాత చూడాలి, అలా రాయాలన్న ఆశతోనే చాలామందిలాగే నేనూ బ్రష్ పట్టుకున్నాను, అయితే ఆ విసురు గీత ఈ 3 చుక్కల లోకంలో బతకదు.

"పచ్చళ్లు" అని ళ కింద ల వత్తు పెడితే పని తగ్గుతుందేమోనని కూడా అడిగి చూశాను, అలా రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కదా. అత్తగారు ఒప్పుకోలేదు. సీసాల మీద ఎప్పట్నుంచో ఆవిడ చేత్తో రాస్తున్నది ళ్ళు, అలాగే ఉండాలట. బేరం లేదు.

తర్వాత

చుక్కల బొమ్మ పీఎన్‌జీ ఫైలుగా పంపి, 100 శాతం సైజులోనే ప్రింట్ చేయించాలి. స్కేలు బదులు పక్కనే 200 చుక్కల గీత ఒకటి పెడతాను, అది సరిగ్గా 25 మి.మీ. వస్తే మొదటి అనుమానం తీరుతుంది. డార్క్‌నెస్ 9తో ఒకటి, 10తో ఒకటి. అది కూడా పోతే 300 డీపీఐ ప్రింటర్ ఉన్న ఒక కొరియర్ బుకింగ్ షాపు పిల్లాణ్ణి బతిమాలతాను, మిల్లీమీటరుకి 12 చుక్కలుంటాయి, అప్పుడు మెలికకి ఊపిరాడుతుంది. అక్క దగ్గర ఆ ప్రింటర్ లేదు కాబట్టి అది నా కుతూహలం కోసమే.

మూత స్టిక్కర్‌కి కూడా ఒక ఆలోచన ఉంది, అక్షరాల వంపు స్టిక్కర్ వంపుతో ఒకటే అవ్వాలని రూలేం లేదు కదా. బేస్‌లైన్ వ్యాసార్ధం 18 బదులు 30 పెడితే వత్తుల దగ్గర నిష్పత్తి 0.88కి వస్తుంది, వత్తుల్ని తిప్పకుండానే సందు 1 మి.మీ. వస్తుంది. పేరు జాడీ మీద గొడుగులా కాకుండా కొంచెం చదునుగా వాలుతుంది. రెండు చివర్లా స్టిక్కర్ అంచుకి దూరం తేడా పడుతుంది, అక్కడ ఆకులు పెట్టి కప్పేయొచ్చేమో. ఒకటి గీసి ఖాళీ సీసా మూతకి అంటించి ఆరడుగుల దూరం నుంచి చూస్తాను.

ఇది తేలితే రకాల పేర్లకి వేరే లేబుళ్ళు అడిగారు, ఒక్కోదానికి చిన్న బొమ్మతో. గోంగూర, మాగాయ, ఉసిరికాయ, వీటిలో ఒక్క వత్తూ లేదు, సాయంత్రానికల్లా అయిపోతాయి. పండుమిర్చిలో ఒకటి. వెల్లుల్లి ఆవకాయ ఉంది చూశారూ, ల్లు పక్కనే ల్లి, మళ్ళీ రెండు పక్కపక్కన. అందుకే ముందు దాంతోనే మొదలుపెడుతున్నాను, బొమ్మకి రెండు పాయలు విడదీసి బల్ల మీద పెట్టుకున్నాను, పొట్టు గీతలు బ్రష్‌తో వేయాలా నిబ్‌తో వేయాలా అన్నది ఇంకా తేలలేదు.