ల్యాప్‌టాప్ పాతదే, బోర్డు కొత్తది: నా అనుభవం

నా ల్యాప్‌టాప్‌కి మదర్‌బోర్డు మార్చాను. పాతది పాడై కాదు, పని పెరిగి. నాది ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ ల్యాప్‌టాప్, ఫ్రేమ్‌వర్క్ 13, 2021లో వచ్చిన మొదటి మోడల్. అందులో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ5-1135జీ7 ప్రాసెసర్, నాలుగు కోర్లు. రాతపనికి, బ్రౌజింగ్‌కి హాయిగా సరిపోయేది. వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టాకే చాలడం మానేసింది. స్క్రీన్ బాగుంది, కీబోర్డు వేళ్లకి అలవాటైపోయింది, బాడీ మీద గీత కూడా లేదు. ఇంత మంచి వస్తువుని పక్కన పడేసి ఇంకోటి కొనడానికి మనసొప్పలేదు.

ఈ మోడల్‌కి తర్వాత వచ్చిన బోర్డులు కూడా అదే బాడీలో కూర్చుంటాయి. అందుకని 2023లో వచ్చిన ఏఎండీ రైజెన్ 5 7640యూ బోర్డు తెప్పించాను. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఫ్యాను, హీట్‌సింక్ బోర్డుతో పాటే బిగించి వచ్చాయి కాబట్టి వాటికీ ప్రాసెసర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ జోలికి వెళ్లే అవసరం రాలేదు.

అన్ని ల్యాప్‌టాప్‌లకీ ఇలా కుదరదు. ఒకే సిరీస్‌లో పక్కపక్క మోడళ్లలోనే స్క్రూ రంధ్రాలు జరిగిపోతాయి, పోర్టులు అటూ ఇటూ అవుతాయి. పైకి అంతా సరిపోయినట్టు కనిపించినా డిస్‌ప్లే కేబుల్ ఒకదానికి 30 పిన్నులు, ఇంకోదానికి 40 పిన్నులు ఉండొచ్చు. కీబోర్డు కనెక్టర్ పట్టినా, బోర్డు మీది కంట్రోలర్ చిప్ ఆ కీలని వేరేలా చదవొచ్చు. మీది ఏ కంపెనీదైనా, డబ్బు పెట్టేముందు సరిగ్గా ఇదే మార్పు చేసి చూసినవాళ్లు ఉన్నారో లేదో వెతకండి. ఒక్కరూ దొరక్కపోతే నేనైతే ఆ పనికి దిగను.

నేను బాగా చదువుకుని దిగినా ర్యామ్ ఖర్చు మాత్రం మొదట లెక్కలోకి రాలేదు. పాత బోర్డుకి డీడీఆర్4 రకం ర్యామ్, కొత్తదానికి డీడీఆర్5 రకం. కొత్త ర్యామ్ వచ్చాక రెండూ పక్కన పెట్టి చూశాను. పొడవు ఒక్కటే, కింద గాడి మాత్రం వేరే చోట ఉంది. పాతదానికి 260 పిన్నులు, కొత్తదానికి 262. వోల్టేజీ కూడా 1.2 నుంచి 1.1కి తగ్గింది. పాతది కొత్త బోర్డులో పట్టే అవకాశమే లేదు. బోర్డు ధర చూసి బడ్జెట్ వేసుకునేవాళ్లు ముందు ర్యామ్ ఏ రకమో చూసుకోవాలి. వైఫై కార్డూ అంతే. ఇంటెల్ ఏఎక్స్201 లాంటి కార్డులు ఇంటెల్ ప్రాసెసర్లతోనే పనిచేస్తాయి. నాది ఏఎక్స్210 కాబట్టి అదే పెట్టుకోగలిగాను.

విప్పే ముందు రోజంతా సాఫ్ట్‌వేర్ పనికే పోయింది. ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు గానీ, నా దృష్టిలో అసలు జాగ్రత్తంతా అక్కడే ఉంది. మదర్‌బోర్డు అంటే మనం చిప్పులే అనుకుంటాం. మన తాళాలు కొన్ని కూడా దాంట్లోనే ఉంటాయి. విండోస్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి తాళం వేసి ఉంచడం) ఆన్‌లో ఉంటే, దాన్ని తెరిచే తాళాన్ని కాపాడేది టీపీఎం అనే భద్రతా భాగం. అది బోర్డుతో పాటే వెళ్లిపోతుంది. కొత్త బోర్డులో ఆ డిస్క్ (ఎస్ఎస్‌డీ) పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీని కాగితం మీద రాసుకుని, ఒక్కో అంకె మళ్లీ సరిచూసుకున్నాను. తర్వాత ఎన్‌క్రిప్షన్ పూర్తిగా తీసేశాను. ముఖ్యమైన ఫోల్డర్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేశాను.

అంత చేసినా, పాస్‌వర్డ్ బదులు వాడే పాస్‌కీల సంగతి తట్టలేదు. విండోస్ లాగిన్ పిన్, వేలిముద్ర, ఆ కంప్యూటర్‌లోనే దాచుకున్న పాస్‌కీలు కూడా టీపీఎంని నమ్ముకునే ఉంటాయి. బోర్డు మారాక పిన్ పనిచేయలేదు, అకౌంట్ పాస్‌వర్డ్ అడిగింది. రోజూ పిన్‌తోనే లోపలికి వెళ్లేవాణ్ని కాబట్టి ఆ పాస్‌వర్డ్ నాకు గుర్తు లేదు. ఫోన్‌లో రీసెట్ చేసుకుని బయటపడ్డాను. పాస్‌కీతో తెరుచుకునే ఒక అకౌంట్‌లోకి వెళ్లడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. మీకు పాస్‌కీలు ఉంటే, బోర్డు తీసే ముందే వాటన్నింటికీ ఇంకో దారి పెట్టుకోండి.

ఇక విప్పడం. ఛార్జర్ తీసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, పక్కన పోర్టుల కోసం ఉండే చిన్న ఎక్స్‌పాన్షన్ కార్డులు నాలుగూ లాగేశాను. అవి నేరుగా బోర్డులోకే గుచ్చుకుని ఉంటాయి, తీయకపోతే బోర్డు కదలదు. కింద ఐదు స్క్రూలు వదులు చేస్తే కీబోర్డు భాగం పైకి లేస్తుంది. అక్కడ తొందరపడకూడదు, టచ్‌ప్యాడ్ కేబుల్ ఇంకా కిందనే ఉంటుంది. దాన్ని ఊడదీసి, ఆ వెంటనే బ్యాటరీ కనెక్టర్ తీశాను. బ్యాటరీ తీయనిదే మిగతా దేనిమీదా చెయ్యి వేయొద్దు. తర్వాత డిస్‌ప్లే, కెమెరా, స్పీకర్, ఆడియో కేబుళ్లు. ఒక్కొక్కటి తీసే ముందు ఫోటో తీసుకున్నాను. బోర్డుని పట్టి ఉంచే స్క్రూలు కొన్నే. పాతది బయటికి రావడం, కొత్తది లోపల కూర్చోవడం పది నిమిషాల్లో అయిపోయింది.

నాకు చెమటలు పట్టించింది వైఫై యాంటెన్నా తీగలు. రెండు తీగలు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. వాటి చివర ఆవగింజంత గుండ్రటి టోపీలు. కార్డు మీద అంతే సైజు బొడిపెలు ఉంటాయి, వాటి మీద ఈ టోపీ సరిగ్గా నిలబెట్టి నొక్కాలి. వెంట్రుకవాసి పక్కకి ఉండగా నొక్కితే టోపీ అంచు వంగిపోతుంది. మొదటి మూడుసార్లు జారిపోయింది. చెయ్యి వణుకుతోందని లేచి కాసేపు అటూ ఇటూ తిరిగొచ్చాను. ఈసారి పట్టకారు పక్కన పెట్టి, తీగని వేలితో పట్టుకుని టోపీని బొడిపె మీద ఊరికే ఆనించాను. నొక్కకుండా మెల్లగా గుండ్రంగా కదిపాను. సరైన చోటికి రాగానే అది కదలడం ఆగింది, వేలికి తెలిసింది. అప్పుడు గోరుతో నొక్కితే టిక్‌మంది. రెండోది ఒక్కసారికే పడింది.

అంతా బిగించి పవర్ బటన్ నొక్కాను. బటన్ లైటు వెలిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. గుండె జారిపోయింది. ఆ టెన్షన్‌లో బటన్ గట్టిగా పట్టుకుని ఆపేశాను, అది తప్పు. కొత్త ర్యామ్‌తో మొదటిసారి ఆన్ అయినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌ని పరీక్షించి, సిగ్నల్ టైమింగులు సరిచేసుకుంటుంది. దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు, డీడీఆర్5తో దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి. ఇది చదివే ఉన్నాను, ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. రెండోసారి ఆన్ చేసి, ఫోన్‌లో టైమర్ పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. నాలుగో నిమిషంలో తెర మీద లోగో వచ్చింది. నోట మాట రాలేదు నాకు.

విండోస్ నేరుగా తెరుచుకుంది, డ్రైవర్లు వేసుకుంది. యాక్టివేషన్ పోయింది, కానీ లైసెన్సు నా అకౌంట్‌కి ముడిపడి ఉంది కాబట్టి ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెబితే తిరిగి వచ్చింది. విండోస్‌తో పాటు పెట్టుకున్న రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు మాత్రం బూట్ మెనూలో కనిపించలేదు. ఫైళ్లన్నీ డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి, వాటికి దారి చూపే ఎంట్రీ పాత బోర్డు మెమరీలో ఉండిపోయింది. ఉబుంటు నేరుగా నడిచే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఆ ఎంట్రీ కొత్తగా రాస్తే సరిపోయింది. హెచ్‌డీఎంఐ కార్డు పెట్టిన చోట మానిటర్ రాకపోతే కూడా కంగారుపడ్డాను. పాత బోర్డుకి నాలుగు స్లాట్లూ ఒకటే, ఈ ఏఎండీ బోర్డుకి ముందువైపు స్లాట్లలో ఒకటి డిస్‌ప్లే ఇవ్వదు. కార్డు వెనక స్లాట్‌కి మార్చాను.

పాత బోర్డుని డబ్బాలో పెట్టేయలేదు. బ్యాటరీ, స్క్రీన్ లేకుండా కూడా అది నడుస్తుంది, బోర్డులోనే ఉండే బయోస్ ప్రోగ్రామ్‌లో దానికో సెట్టింగ్ ఉంది. పాత డీడీఆర్4 ర్యామ్ దానికే తిరిగి పెట్టి, ఒక ఎస్ఎస్‌డీ తగిలించాను. ఇప్పుడు అది పుస్తకాల అరలో కూర్చుని రాత్రిపూట నా వీడియోలన్నీ బ్యాకప్ తీస్తోంది.